ఏజెన్సీలోని తెగల సంఘాలు ఒకే అర్జీ మీదికి రావడం ఎలా?

ప్రశ్న (మన్యం ఉపాధ్యాయుడు)

మా ప్రాంతంలో కోయ, కొండరెడ్డి, కొండదొర, కొండకమ్మర, వాల్మీకి సంఘాలు ఎవరికి వారే పనిచేస్తున్నాయి. ఇటీవల ఒకే సోమవారం నాడు నాలుగు సంఘాలవారు ఒకే అధికారి గది ముందు వరుసలో నిలబడి, ఏజెన్సీ ఉపాధ్యాయ ఉద్యోగాల గురించే నాలుగు అర్జీలు ఇచ్చారు. ఒకదాంట్లో జీవో 3ను పునరుద్ధరించాలని, మరొకదాంట్లో ప్రత్యేక డీఎస్సీ వేయాలని, ఇంకొకదాంట్లో కొత్త చట్టం చేయాలని ఉంది. నాలుగోదాంట్లో ఉద్యోగాల సంగతి పదకొండో అంశం. అన్నింటి మీదా రసీదు ముద్ర పడింది, అంతే. షెడ్యూల్డు ప్రాంతాల్లో ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన ఆ జీవో 2000 జనవరిలో వచ్చింది, 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దాన్ని కొట్టివేసింది. నష్టపోయింది అన్ని తెగల పిల్లలూ. అయినా మేము పెట్టుకున్న జేఏసీ ఏడాది తిరక్కుండానే చీలిపోయింది. అనుభవం ఉన్న పెద్దలు దారి చెప్పగలరు.

సమాధానం 1 (విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, పాడేరు వైపు)

మాస్టారూ, సంఘాలను కలిపేయాలని చూడకండి. ఏ సంఘమూ తన పేరును, తన జెండాను వదులుకోదు, వదులుకోమని అడగడం న్యాయమూ కాదు. ఒక్క నిర్ణయం మీద, ఒక్క వాక్యం మీద సంతకాలు చేయించండి. మేము ఒకప్పుడు పద్దెనిమిది డిమాండ్లతో ఐక్యవేదిక పెట్టాము. ప్రభుత్వం అందులో తేలికైన రెండు ఒప్పుకోగానే, ఆ రెండూ ఎవరికి ముఖ్యమో వారు ఇంటికి వెళ్లిపోయారు, మిగిలినవారు మోసపోయామనుకున్నారు. తప్పు మనుషులది కాదు, ఆ జాబితాది.

సమాధానం 2 (న్యాయవాది)

వాక్యం ఒక్కటైతే చాలదు, దాన్ని ఆమోదించే అధికారం ఎవరికి ఉందో కూడా చూడాలి. జీవో 3ను యథాతథంగా పునరుద్ధరించమని అడిగితే ఏ అధికారీ చేయలేరు. షెడ్యూల్డు ప్రాంతాల పాలన గురించి చెప్పే రాజ్యాంగం అయిదో షెడ్యూలులోని అయిదో పేరా గవర్నరుకు ఇచ్చిన అధికారం శాసనాలకు వర్తిస్తుందే గాని నియామక నిబంధనలకు వర్తించదనీ, నూటికి నూరు శాతం రిజర్వేషను చెల్లదనీ తీర్పు స్పష్టంగా చెప్పింది. కాబట్టి చట్టపరంగా నిలబడే కోరికను ముందు రాసుకుని, గిరిజనుల సంక్షేమంపై గవర్నరుకు సలహా ఇచ్చే గిరిజన సలహా మండలి దాన్ని చర్చకు తీసుకునేలా పట్టుబట్టాలి. ఇరవై మందికి మించని ఆ మండలిలో దాదాపు నాలుగింట మూడొంతులు శాసనసభలోని ఎస్టీ సభ్యులే ఉండాలని రాజ్యాంగం చెబుతోంది. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీ నియోజకవర్గాలు ఏడే. ఏడుగురు ఎమ్మెల్యేల చేతికీ ఒకే కాగితం, ఒకే వారంలో చేరిందనుకోండి, పక్క నియోజకవర్గం వాళ్లు వేరేది అడుగుతున్నారని చెప్పే వీలు ఎవరికీ ఉండదు.

ఆ కాగితం సంఘాల లెటర్‌హెడ్ల మీద కంటే గ్రామసభ తీర్మానాలుగా వస్తే బరువు ఎక్కువ. ఒడిశాలోని నియంగిరి విషయంలో 2013లో సుప్రీంకోర్టు ఆదేశం మేరకు, జిల్లా జడ్జి స్థాయి అధికారి పరిశీలకులుగా ఉండగా, పన్నెండు గ్రామసభలు బాక్సైటు తవ్వకాన్ని ఒక్కొక్కటిగా తిరస్కరించాయి. మరుసటి ఏడాది జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ అనుమతి నిరాకరించింది.

సమాధానం 3 (ఆదిలాబాద్ యువకుడు)

పెద్దల మాటకు గౌరవమిస్తూనే ఒక విషయం చెప్పాలి. తెలంగాణలో 2017 నుంచి లంబాడాలు ఎస్టీ జాబితాలో ఉండాలా వద్దా అన్న విషయంలో ఆదివాసీ తెగలకూ లంబాడాలకూ మధ్య పెరిగిన దూరం చిన్నది కాదు. ఆ మాట ఎత్తకుండా ఒక్క అంశం మీదే కూర్చుందామంటే, రెండో సమావేశంలోనే అది బయటపడుతుంది. దాన్ని దాచకుండా, ఈ విషయంలో మా అభిప్రాయాలు వేరు, ఈ వేదిక దానిపై మాట్లాడదు అని మొదటి రోజే అందరి ముందూ రాసి చదివి వినిపించడం మేలు. రాయకుండా వదిలేసిన చోటే మా ప్రయత్నం ఒకటి విరిగింది. ఆ బాధ ఇంకా తీరలేదు.

సమాధానం 4 (కొండరెడ్డి మహిళ)

సమావేశాలు ఎప్పుడూ మండల కేంద్రంలో, మా సంత రోజున పెడతారు. చింతపండు, చీపుళ్లు అమ్ముకోకుండా మా కొండ మీది ఆడవాళ్లు మీటింగుకు ఎలా వస్తారు? వచ్చినా ముందు వరుస కుర్చీలు పెద్ద సంఘాలవాళ్లవే, మేము గోడవారన నేల మీద కూర్చుంటాము. అన్నీ మాట్లాడుకున్నాక చివర్లో తీర్మానం పుస్తకం మా దగ్గరికి తెచ్చి వేలిముద్ర వేయమంటారు. పోయినసారి నేను వేయలేదు. ముందు చదివి వినిపించమన్నాను. చదివితే అందులో మా తెగ పేరే లేదు. తెగ చిన్నదైనా పెద్దదైనా ఒక్కటే ఓటు ఉండాలి. మేము వద్దన్న వాక్యం పైకి వెళ్లకూడదు. దానికి ఒప్పుకుంటే మా ఊళ్ల గ్రామసభల తీర్మానాలు మేమే తెస్తాము.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. అక్కా, మీరు చెప్పింది చదివాక మా పాత జేఏసీ పుస్తకం తీసి చూశాను. అందులోనూ అంతే, సంతకాలు ముందు పేజీల్లో, వేలిముద్రలన్నీ చివర. ఈసారి సమావేశం సంత లేని రోజున, కొండ మీది ఊళ్లోనే పెడతాము. లాయరుగారూ, వాక్యం ముసాయిదా రాసి ఇక్కడ పెడతాను, చట్టానికి నిలబడుతుందో లేదో దయచేసి చూడండి. అయిదు సంఘాలూ ఒప్పుకునేదాకా ఎవరి దగ్గరికీ అర్జీ తీసుకువెళ్లము.