బ్రాడీపేటలో దొరికిన గాజు గ్లాసు నిజంగా అమెరికాదేనా?

గుంటూరు కారం:
అన్నలూ, బ్రాడీపేటలో ఒక పాతిల్లు ఖాళీ చేస్తుంటే పాతసామాన్లాయన దగ్గర బరువైన గాజు గ్లాసు ఒకటి కొన్నా, ఒళ్ళంతా బొత్తాలు, మధ్యమధ్యలో నక్షత్రాల్లాగా గీతలు, అంచేమో వంకీలు వంకీలు, దాంతో నీళ్ళు తాగితే చొక్కా తడవాల్సిందే. అమెరికా మిషన్ దొరలదంటాడు. వేలితో కొడితే టక్ మంటది గానీ గంటలా మోగట్లా. డూప్లికేటేనా?

బెజవాడ పాతసరుకు:
మోగకపోతే డూప్లికేట్ అని ఎవరు చెప్పారు తమ్ముడూ? మోగేది సీసం కలిపిన గాజు. 1864లో అమెరికాలోని వీలింగ్ ఊళ్ళో హాబ్స్ బ్రాకునియర్ కంపెనీలో విలియం లేటన్ సోడా, సున్నంతో చవగ్గా తెల్లగాజు చేసే పద్ధతి కుదిర్చాక చాలామంది సీసం మానేశారు, ఆ తర్వాతవి టక్ మనే అంటాయి. నువ్వు చెప్పే డిజైన్ డైసీ అండ్ బటన్‌లా ఉంది. 1880ల్లో బోల్డు కంపెనీలు చేశాయి, తర్వాత కూడా మళ్ళీ మళ్ళీ పోశారు, అదీ అసలు తలనొప్పి. బోర్లించి అడుగు చూడు, ఏళ్ళ తరబడి బల్ల మీద జరిగిందైతే సన్నగీతలు అడ్డదిడ్డంగా ఉంటాయి, అన్నీ ఒకేవైపు ఉంటే ఎవరో గరుక్కాగితం పట్టినట్టే. అయినా అది తాగే గ్లాసు కాదయ్యా, స్పూనర్. వెన్న గిన్నె, పంచదార గిన్నె, పాలజగ్గుతో పాటు స్పూన్లు నిలబెట్టి బల్ల మీద పెట్టేవాళ్ళు.

అరండల్‌పేట మావయ్య:
గుంటూరుకి అమెరికా లూథరన్ మిషనరీ హేయర్ గారు 1842లోనే వచ్చారు, అదే మిషన్ డాక్టరమ్మ కుగ్లర్ 1883లో, కాబట్టి రాకూడదని లేదు. కానీ కథకి డబ్బులివ్వకు బాబూ. మనకి ఇంగ్లాండు గాజు కూడా వచ్చేది, దాని మీద డిజైన్ రిజిస్టర్ చేయించిన గుర్తుగా డైమండ్ ముద్రో, ఆర్‌డీ అని నంబరో ఉంటే అది అక్కడిదే.

గుంటూరు కారం:
ముద్రల్లేవు, గీతలు అడ్డదిడ్డంగానే ఉన్నాయి 😀 ఇంకోటి కూడా ఉందంట, లేత ఊదారంగు, మూతలేని పంచదార గిన్నె, డబుల్ రేటు చెప్తున్నాడు.

బెజవాడ పాతసరుకు:
వద్దు. పాతగాజులో పచ్చదనం పోడానికి మాంగనీస్ వేసేవాళ్ళు, ఎండకి ఏళ్ళ తరబడి ఉంటే ఊదా తిరుగుద్ది, ఈ మధ్య రేటు కోసం కావాలనే అల్ట్రావయొలెట్ లైట్ల కింద పెట్టి మారుస్తున్నారు. పైగా లోపలి అంచున మూత కూర్చునే గట్టు ఉందో లేదో చూడు, లేకపోతే అదీ స్పూనరే, పంచదార గిన్నె అని అంటగడుతున్నాడు. ఉన్నదాంట్లో మాత్రం వేడి టీ పొయ్యకు, పగులుద్ది.