ఆగి ఉన్న హెలికాప్టర్ మోడల్‌కు బ్లేడ్లు వంచాలా, వద్దా?

బాల్కనీ హ్యాంగర్:
రెవెల్ కంపెనీ వారి ప్లాస్టిక్ కిట్‌తో బీఓ 105 హెలికాప్టర్ మోడల్ కడుతున్నాను, 1/32 సైజు, అంటే అసలుదానిలో 32వ వంతు. డబ్బాలో బ్లేడ్లు నాలుగూ స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా వచ్చాయి. నేలమీద నిలబెట్టి చూపించాలని ఉంది. మా వాట్సాప్ గ్రూపులో ఫొటో పెడితే ఒకాయన, "ఆగి ఉన్నప్పుడు కొసలు కిందికి దిగుతాయి, వేడినీళ్లలో ముంచి వంచు" అన్నారు. ఇంకొకాయన, "105ది హింజ్‌లు (బ్లేడు హబ్‌ను కలిసే చోట ఉండే కీళ్లు) లేని రోటర్, వంగే ప్రశ్నే లేదు, ముట్టుకోకు" అన్నారు. రంగు వేశాక వంచితే పెయింట్ పగులుతుంది కాబట్టి ముందే తేల్చుకోవాలి. ఏం చేయమంటారు?

పాతకిట్లు:
వంచాల్సిందే. తిరిగేటప్పుడు అపకేంద్ర బలం బ్లేడును బయటికి లాగి పట్టుకుంటుంది. ఆగాక ఆ పట్టు ఉండదు, సొంత బరువుకే కొస దిగుతుంది. వైజాగ్‌లో నేవీ చేతక్ హెలికాప్టర్‌ను దగ్గరగా చూసినవాళ్లను అడగండి. అది ఫ్రెంచ్ వాళ్ల అలూయెట్ 3నే, లైసెన్సు తీసుకుని హెచ్‌ఏఎల్ బెంగళూరులో తయారు చేసింది. ఆగినప్పుడు దాని మూడు బ్లేడ్లూ ఎలా వాలి ఉంటాయో చూస్తే ఈ సందేహమే రాదు. తిన్నని బ్లేడ్లతో మోడల్ బొమ్మల కొట్టులో సరుకులా కనిపిస్తుంది.

శేషు 72:
పాతకిట్లు గారూ, ఒక్క చేతక్‌ను పట్టుకుని అన్నిటికీ సూత్రం రాసేస్తే ఎలా? చిన్న సివిల్ హెలికాప్టర్ అనగానే ముందు బెల్ 47 గుర్తుకు రావాలి. అమెరికాలో పౌర వినియోగానికి సర్టిఫికెట్ వచ్చిన మొదటి హెలికాప్టర్ అదే, 1946 మార్చిలో. దానికి రెండే బ్లేడ్లు. రెండూ ఒకే హబ్‌కు (బ్లేడ్లు కలిసే మధ్య భాగానికి) బిగిసి, పార్కులో పిల్లలు ఊగే సీ-సా బల్లలా ఒకవైపు దిగితే రెండోవైపు లేస్తాయి. వెనక బ్లేడును తోకకు కట్టేస్తే ముందుది పైకి లేచి నిలబడుతుంది. రెండు కొసలనూ సమానంగా కిందికి వంచిన బెల్ 47 మోడళ్లు ఎన్ని చూశానో! అడ్డంగా ఉండే స్టెబిలైజర్ బార్‌ను మాత్రం శ్రద్ధగా పెడతారు.

రోటర్‌హెడ్:
మీరిద్దరూ అడిగినాయన హెలికాప్టర్‌ను వదిలేసి మీ మీ హెలికాప్టర్ల మీద పడ్డారు.

105లో టైటానియం హబ్ ఉంటుంది. బ్లేడును పైకీ కిందికీ ఊగనిచ్చే ఫ్లాపింగ్ హింజ్ ఉండదు, నిజమే. అందుకని బ్లేడు వంగదనడం మాత్రం తప్పు. హింజ్ చేయాల్సిన పనిని ఫైబర్‌గ్లాస్ బ్లేడే వంగుతూ చేస్తుంది. అంటే ఆగినప్పుడు అదీ కిందికే వస్తుంది, కాకపోతే వంపు బ్లేడు పొడవునా విల్లులా పరుచుకుంటుంది. అలూయెట్‌లో అలా కాదు. అక్కడ మొదట్లో ఉన్న హింజ్ దగ్గరే బ్లేడు వాలుతుంది, ఆపైన వంపు కొద్దిగానే. హ్యూస్ 500లో హింజ్‌కు బదులు పలుచని స్టీలు పట్టీలు వంగుతాయి కాబట్టి అక్కడా వాలు మొదట్లోనే మొదలవుతుంది. రాబిన్‌సన్ ఆర్44 చూడండి, రెండు బ్లేడ్లే అయినా మధ్య హింజ్‌తో పాటు ఒక్కో బ్లేడుకూ విడి హింజ్ ఉంది. శేషు గారి లెక్క దానికి పనికిరాదు.

కాబట్టి 105కు బ్లేడు వంచండి, హబ్ జోలికి వెళ్లకండి. అలూయెట్‌కు హబ్ దగ్గర కోసి కోణం మార్చి అతికించండి. దాని బ్లేడ్ల మధ్య ఉండే కేబుళ్లను సాగదీసిన స్ప్రూతో (కిట్ భాగాలు అంటుకుని వచ్చే ప్లాస్టిక్ పుల్లతో) వేసుకుంటే ఇంకా బాగుంటుంది.

మిల్లీమీటర్:
ఇంత శాస్త్రం దేనికండీ? కొస 15 సెంటీమీటర్లు దిగిందే అనుకుందాం. 1/72లో అది 2 మిల్లీమీటర్లు. ప్లాస్టిక్ బ్లేడు మందమే అసలు ఉండాల్సినదానికంటే ఎక్కువ. ముందుగా బ్లేడు వెనక అంచును ఇసుక కాగితంతో పలుచగా రుద్దండి, వంపు కంటే అదే కళ్లకు ముందు తెలుస్తుంది. నాలుగు బ్లేడ్లనూ చేత్తో వంచితే నాలుగు రకాలుగా వస్తాయి. అంతకంటే తిన్నగా ఉండటమే నయం.

పాతకిట్లు:
ఆయన కట్టేది 1/32 అండీ. అందులో దాదాపు 5 మిల్లీమీటర్లు. ఆమాత్రం కనబడదా?
నాలుగు రకాలుగా రాకుండా ఉండాలంటే అట్టముక్క మీద వంపు గీసి కత్తిరించుకుని, ప్రతి బ్లేడునూ దాని మీద పెట్టి సరిచూసుకోవాలి. గోరువెచ్చని నీళ్లు చాలవు, అప్పుడే మరిగి దించినవి కావాలి. పట్టకారుతో పట్టి ముంచి, వంచి, వెంటనే చల్లనీళ్లలో పెట్టాలి. కాస్త వెనక్కి లేస్తుంది కాబట్టి ఒక పిసరు ఎక్కువే వంచాలి.

ఎగిరే స్టాండు:
స్టాండు మీద ఎగురుతున్నట్టు పెట్టేవాళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. గాలిలో బరువంతా మోస్తున్న బ్లేడ్లు పైకి లేచి గొడుగు తిరగబడ్డట్టు ఉంటాయి. కిందికి వంచిన బ్లేడ్లతో స్టాండు ఎక్కించిన మోడల్ చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. రోటర్ తిరుగుతోందని చూపడానికి పారదర్శక డిస్క్ పెడతారు కొందరు. నాకది సీడీలా కనిపిస్తుంది, ఎవరిష్టం వారిది.

బాల్కనీ హ్యాంగర్:
రోటర్‌హెడ్ గారు చెప్పినట్టే, హబ్ కదపకుండా బ్లేడుకే వంపు ఇస్తాను. మిల్లీమీటర్ గారి మాటా తీసుకుంటున్నాను, ముందుగా వెనక అంచులు రుద్దుతాను.

శేషు 72:
మంచిది. బీఓ 105 వరకు నాకూ అభ్యంతరం లేదు. పాతకిట్లు గారు మాత్రం బెల్ 47 గురించి ఇంకా నోరు విప్పలేదు.

పాతకిట్లు:
విప్పుతాను. తోకకు కట్టేసి ఉన్నదానికి మీరు చెప్పింది ఒప్పుకుంటా. కట్లు విప్పి, పైలట్ ఎక్కబోతున్నట్టు డియోరమా (మోడల్ చుట్టూ అమర్చే దృశ్యం) చేస్తే? అప్పుడు ఏ బ్లేడు పైన, ఏది కింద అన్నది దేన్ని చూసి తేలుస్తారు? ఫొటో పెట్టండి, మాట్లాడదాం.