తండ్రి పోయిన ఆటగాడిని కెమెరా ముందు ఆ ప్రశ్న అడగొచ్చా?

బ్రాడీపేట_డెస్క్

విజయవాడ, గుంటూరుల్లో ఆటల యూట్యూబ్ ఛానళ్లు బాగా పెరిగాయి. కబడ్డీ పిల్లాడి దగ్గర్నుంచి రంజీ ఆటగాడి దాకా అందర్నీ గంటసేపు కూర్చోబెట్టి మాట్లాడిస్తున్నారు. సంతోషమే. కానీ చాలావాటిలో ఒకచోట తప్పకుండా వచ్చే ప్రశ్న ఉంది: "నాన్నగారు పోయినప్పుడు మీకేమనిపించింది?" ఆటగాడి గొంతు పూడుకుపోతుంది, కళ్లు తుడుచుకుంటాడు. మర్నాడు ఆ ముఖమే థంబ్‌నెయిల్.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఆ ప్రశ్న అడగకూడదు. ఆటగాడు తనంతట తాను ఎత్తితే వినాలి, ఎత్తకపోతే వదిలేయాలి. జట్టు మీద విధేయత గురించి అడగండి, అసోసియేషన్‌తో గొడవ గురించి అడగండి. చావు గురించి వద్దు. ఒప్పుకోనివాళ్లు కారణాలతో రాయండి.

పటమట_పేసర్

ఒప్పుకోను అన్నా. టీమిండియా పేసర్ సిరాజ్ సంగతి చూడండి, ఆస్ట్రేలియా పర్యటనప్పటిది. 2020 నవంబర్ 20న హైదరాబాద్‌లో తండ్రి మహమ్మద్ గౌస్ పోయారు. అప్పుడు సిరాజ్ సిడ్నీలో, జట్టుతో పాటు 14 రోజుల క్వారంటైన్‌లో ఉన్నాడు. ఇంటికి వెళ్తావా అని బోర్డు అడిగింది, ఉంటానన్నాడు. డిసెంబర్ 26న మెల్‌బోర్న్‌లో తొలి టెస్టు, రెండు ఇన్నింగ్స్‌లలో కలిపి 5 వికెట్లు. జనవరిలో బ్రిస్బేన్ గబ్బా మైదానంలో 73 పరుగులకు 5 వికెట్లు. సిరీస్‌లో 13 వికెట్లు, మన జట్టులో అందరికంటే ఎక్కువ. 21న హైదరాబాద్‌లో దిగి ఎయిర్‌పోర్టు నుంచి నేరుగా సమాధి దగ్గరికి వెళ్లాడు.

నేను దేశానికి ఆడాలన్నది నాన్న కోరిక అని అతనే చెప్పాడు. ఆ మాట లేకపోతే ఆ 13 వికెట్లు మనకి సగమే అర్థమవుతాయి. ఆటో నడిపిన తండ్రి గురించి కొడుకు చెప్పుకోవాలనుకుంటాడు. అడిగేవాళ్లే లేకపోతే ఎవరికి చెప్పుకుంటాడు?

లబ్బీపేట_వాణి

పేసర్ గారూ, సిరాజ్ ఉదాహరణలో ఒకటి వదిలేశారు. ముస్లిం కుటుంబంలో జనాజా, అంటే అంత్యక్రియలు, రోజుల తరబడి ఆగదు. సిడ్నీలో క్వారంటైన్, ఇటు విమానాలే అంతంతమాత్రం. బయల్దేరినా తండ్రి ముఖం చూసే అవకాశం దాదాపు లేదు. ఆ పరిస్థితిలో "ఉంటాను" అన్న మాటని మనం "దేశభక్తి" అని ఒక్క ముక్కలో కట్టేశాం. అందులో దేశం ఉండొచ్చు, తండ్రి మాట ఉండొచ్చు, వెళ్లినా చేరలేనన్న నిస్సహాయత కూడా ఉండొచ్చు. మూడూ కలిసే ఉంటాయి.

అదే పర్యటనలో కోహ్లీ తన బిడ్డ పుట్టే సమయానికి ముందే సెలవు అడిగి, అడిలైడ్ టెస్టు తర్వాత ఇంటికొచ్చాడు. జట్టు ఒక ఇన్నింగ్స్‌లో 36 పరుగులకే కుప్పకూలిన టెస్టు అది. ఎన్ని మాటలన్నారో గుర్తుందా? నటరాజన్‌కి ఐపీఎల్ చివర్లో కూతురు పుట్టింది. ఆ బిడ్డని చూడకుండానే ఆస్ట్రేలియా వెళ్లి, మూడు ఫార్మాట్లలోనూ అరంగేట్రం చేశాడు. అతన్ని పొగిడారు, కోహ్లీని తిట్టారు. ఉన్నవాడు విధేయుడు, వెళ్లినవాడు స్వార్థపరుడు అన్న తూకం పట్టుకునే మనవాళ్లు ఇంటర్వ్యూ చేస్తారు. నాకు అభ్యంతరం ప్రశ్న మీద కాదు, ఆ తూకం మీద. ఇదే కోహ్లీ 2006 డిసెంబర్‌లో, తండ్రి తెల్లవారుజామున పోతే, కర్ణాటక మీద ఢిల్లీకి రంజీ ఆడి 90 కొట్టి ఆ తర్వాతే అంత్యక్రియలకు వెళ్లాడు. అప్పుడు విధేయుడై, 14 ఏళ్ల తర్వాత కాకుండా పోయాడా?

మూలపాడు_నెట్స్

కోచింగ్ వైపు నుంచి రాస్తాను. ఈ చర్చలో శరీరం సంగతి ఎవరూ ఎత్తలేదు.

మన ఇళ్లలో కొడుకు కొరివి పెడితే పెద్దకర్మ దాకా మైల. చాలాచోట్ల ఒంటిపూట భోజనం, చాప మీద పడుకోవడం, చుట్టాల మధ్య సరిగ్గా నిద్ర లేకపోవడం. పన్నెండో రోజు నెట్స్‌కి వచ్చిన కుర్రాడు ముందటి కుర్రాడు కాడు. వారానికి 180 బంతులు వేసే పేసర్‌కి వచ్చిన మొదటి వారమే 180 ఇస్తే పక్కటెముకల దగ్గర కండరమో తొడ వెనక కండరమో పట్టేస్తుంది. మొదటి వారం 90, అదీ కుదించిన రనప్‌తో. రెండో వారం 130. మూడో వారం మామూలు. బ్యాటర్‌కైతే ఇంకో చిన్న సంగతి: గుండు చేయించుకున్నాక హెల్మెట్ వదులవుతుంది. వెనక ఉన్న చక్రం ఒకటి రెండు గళ్లు బిగించి, తల గట్టిగా ఊపించి చూడాలి. ఇది చూడకుండా బౌన్సర్లు వేయిస్తే గ్రిల్ కళ్ల మీదకి జారుతుంది.

అందుకే "వెంటనే వచ్చి ఆడాడు, అదీ నిబద్ధత" అనే ఇంటర్వ్యూలు నాకు భయం. అవి చూసి పద్దెనిమిదేళ్లవాడు నాలుగో రోజే కిట్ బ్యాగ్ పట్టుకుని వస్తాడు. వచ్చినవాణ్ని వెనక్కి పంపడం, రానివాణ్ని రప్పించడం కంటే కష్టం.

సచిన్ 1999 ప్రపంచకప్‌లో ఏం చేశాడో పూర్తిగా చెప్పాలి. మే 19న తండ్రి రమేశ్ టెండుల్కర్ పోయారు. సచిన్ ఇంటికెళ్లాడు. జింబాబ్వే మ్యాచ్ ఆడలేదు, ఆ మ్యాచ్ మనం 3 పరుగులతో ఓడిపోయాం. తర్వాత తిరిగొచ్చి 23న బ్రిస్టల్‌లో కెన్యా మీద 140 నాటౌట్. అందరికీ 140 గుర్తుంది. ముందు ఇంటికి వెళ్లాడన్నది సగంమందికి గుర్తు లేదు.

పటమట_పేసర్

మూలపాడు అన్నా, అది నిజం. వెళ్లి వచ్చాడన్న భాగం కూడా చెప్పించాలి. అయినా అడిగితేనే కదా ఆ భాగం బయటికొచ్చేది?

మూలపాడు_నెట్స్

అడిగే తీరు ఉంటుంది తమ్ముడూ. 2024 ఫిబ్రవరిలో రాజ్‌కోట్ టెస్టు రెండో రోజు అశ్విన్ 500వ వికెట్ తీశాడు. ఆ రాత్రే అమ్మకి బాగోలేదని చెన్నై వెళ్లిపోయాడు. మూడో రోజంతా లేడు, అతని బదులు సబ్‌స్టిట్యూట్ ఫీల్డింగ్ చేశాడు. నాలుగో రోజు తిరిగొచ్చి వెంటనే బౌలింగ్ చేశాడు. మామూలుగా మైదానం వదిలి వెళ్లిన బౌలర్, బయట ఉన్నంత సమయం లెక్కన కాసేపు ఆగాకే బంతి పట్టాలి. కానీ పూర్తిగా ఒప్పుకోదగ్గ కారణంతో వెళ్తే ఆ శిక్షాసమయం లేదని 24వ నిబంధనే చెబుతోంది. ఆట రూల్‌బుక్కే "ఇంటికి వెళ్లిరా" అంటుంటే, ఆటగాడు ఎందుకు వెళ్లాడని నిలదీసే హక్కు యాంకర్‌కి ఎక్కడిది?

గవర్నర్‌పేట_ఎడిట్

షూటింగ్, ఎడిటింగ్ పని తెలిసినవాళ్లు ఎవరూ రాయలేదు కాబట్టి వివరంగా రాస్తాను. డెస్క్ గారు "అడగకూడదు" అంటున్నారు. అడగొచ్చు, కానీ ఈ పనులన్నీ చేయగలిగితేనే.

ముందుగా ఫోన్. షూటింగ్‌కి రెండు రోజుల ముందు ఆటగాడితో "నాన్నగారి గురించి మాట్లాడదామా, వద్దా" అని అడగాలి. వద్దంటే ఆ పేజీ చింపేయాలి. కెమెరా ముందు మళ్లీ కదిలించకూడదు. సర్‌ప్రైజ్ అంటూ తండ్రి పాత వీడియో ప్లే చేయడం, అమ్మని ఫోన్లో కలపడం, ఇవి మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. తండ్రి గొంతు ఉన్నట్టుండి వినిపిస్తే ఎంత పెద్ద ఆటగాడైనా ఆ దెబ్బకి సిద్ధంగా ఉండడు.

ఎప్పుడు? పెద్దకర్మ కాకముందు అసలు వద్దు. గుంటూరులో క్రైస్తవ కుటుంబమైతే ఆదరణ కూడిక అయ్యేదాకా ఆగాలి. నా లెక్కలో మూడు నెలలైనా గడవాలి. సంవత్సరీకం రోజుకి విడుదలయ్యేలా ప్లాన్ చేసేవాళ్లున్నారు, ఆ రోజు ఇంట్లో తద్దినం పెడుతుంటే అందరి ఫోన్లలో ఈ క్లిప్ తిరుగుతుంది. మానేయండి.

గదిలో: మన ఎండల్లో సౌండ్ కోసం ఫ్యాన్ ఆపేస్తారు, ఏసీ కూడా ఆపేస్తారు. ఇరవై నిమిషాలకే మనిషి చెమటతో తడిసిపోతాడు. ఉక్కపోతలో దుఃఖం గురించి మాట్లాడించడం క్రూరం. ప్రతి పావుగంటకీ ఆపి ఏసీ వేయండి. కాలర్ మైక్ పెట్టేటప్పుడు లెవెల్ మామూలు కంటే తగ్గించి, రెండో ట్రాక్ ఇంకా తక్కువలో పెట్టుకోండి. ఏడుపు వచ్చే ముందు గొంతు బాగా సన్నబడుతుంది, వెంటనే ఒక్కసారిగా పెరుగుతుంది. ఒకే ట్రాక్ ఉంటే ఆ మాట పగిలిపోతుంది, అప్పుడు "మళ్లీ ఒకసారి చెప్పండి" అనాల్సి వస్తుంది. అది అనకూడని మాట.

కన్నీళ్లు వచ్చాయి. కెమెరామన్ చెయ్యి జూమ్ మీదకి పోతుంది. పోనివ్వకూడదు. ఛాతీ దాకా ఉన్న ఫ్రేమ్ అలాగే ఉంచాలి. సిడ్నీ టెస్టులో జాతీయగీతం వస్తున్నప్పుడు సిరాజ్ చెంప మీద నీరు, అరచేత్తో తుడుచుకోవడం ప్రపంచమంతా చూసింది. అది మైదానం, అక్కడ కెమెరాలు అందరి మీదా ఉంటాయి. మన గదిలో ఆ మనిషి మనల్ని నమ్మి కూర్చున్నాడు.

ప్రశ్నల వరుస కూడా ముఖ్యమే. మొదటి పావుగంట ఆట. తండ్రి సంగతి మధ్యలో. చివర్లో ఎప్పుడూ పెట్టొద్దు, ఆ బరువుతోనే లేచి బండి ఎక్కి బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో పడతాడు. చివరి పది నిమిషాలు మామూలు సంగతులు: వచ్చే మ్యాచ్, కొత్త బ్యాట్, తిండి.

లబ్బీపేట_వాణి

ఎడిట్ గారూ, ఒకటి కలుపుతాను. "ఏమనిపించింది" అన్న ప్రశ్నకి జవాబు ఉండదు, ఏడుపే ఉంటుంది. "ఆ రోజుల్లో పక్కన ఎవరున్నారు?" "మీ మ్యాచ్ చూడ్డానికి వస్తే నాన్నగారు ఎక్కడ కూర్చునేవారు?" అని అడగండి. సైట్‌స్క్రీన్ పక్కన నిలబడేవారనో, సైకిల్ మీదే కూర్చుని చూసేవారనో చెబుతాడు. అప్పుడు ఆ మనిషి చావు కాదు, బతుకు కళ్లముందుకొస్తుంది. ఇంకోటి, తెలుగులోనే మాట్లాడనివ్వండి. ఇంగ్లీషులో బట్టీపట్టిన వాక్యాలు వస్తాయి. అలాగని తెలుగులో మాట మీద జాగ్రత్త తగ్గుతుంది, అనుకోని మాటలు జారిపోతాయి. అందుకే తర్వాత తీసేయమనే హక్కు కచ్చితంగా ఇవ్వాలి.

కంపౌండ్_50మీ

విలువిద్య వైపు నుంచి ఒక మాట. మన జ్యోతి సురేఖ 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల వ్యక్తిగత ఫైనల్‌లో 150కి 149 వేసింది, ఆ క్రీడల్లో మూడు స్వర్ణాలు. పదిహేను బాణాల్లో ఒక్కటే పది పాయింట్ల వలయం దాటి పక్కకి పోయింది. ఒక్కో బాణానికి ఉండేది 20 సెకన్లు. తీగ మీదున్న పీప్ అనే చిన్న రంధ్రంలోంచి చూస్తూ, విల్లుకున్న గురిచూసే అద్దం (స్కోప్) వలయాన్ని సరిగ్గా మధ్యలో పెట్టాలి. కంట్లో రవ్వంత తడి ఉన్నా వలయం అంచు చెదురుతుంది. కాబట్టి పోటీకి ముందు వారంలో మాత్రం దుఃఖం ప్రస్తావన ఎవరూ తేకూడదు, విలేఖరులైనా, చుట్టాలైనా.

ఇంకో సంగతి. మన ఊళ్లో వోల్గా అకాడమీ నడిపిన చెరుకూరి సత్యనారాయణ గారు వోల్గా, లెనిన్ ఇద్దరు పిల్లల్నీ రోడ్డు ప్రమాదాల్లో పోగొట్టుకున్నారు. ఆ పేర్లతోనే వేరేవాళ్ల పిల్లలకి విల్లు పట్టడం నేర్పారు. దుఃఖం గురించి ఎవరూ మాట్లాడొద్దంటే ఆ అకాడమీకి ఆ పేరెందుకో కొత్తగా వచ్చిన పిల్లాడికి ఎలా తెలుస్తుంది డెస్క్ గారూ?

బ్రాడీపేట_డెస్క్

కంపౌండ్ గారూ, మీ చివరి మాట నన్ను ఆపింది. ఆ పేరు వెనక ఉన్నది తెలియాలి, ఒప్పుకుంటాను. అయితే అది ఆ తండ్రి తనకు తానుగా బోర్డు మీద రాసుకున్న పేరు. ఎవరో అడిగి చెప్పించింది కాదు. నా గీత అక్కడే ఉంది.

ఎడిట్ గారి పద్ధతిలో చేస్తే నా అభ్యంతరం చాలావరకు పోతుంది. కానీ ఎంతమంది అలా చేస్తున్నారు? నలభై నిమిషాల ఇంటర్వ్యూ పద్ధతిగానే ఉంటుంది, ఆ తర్వాత కన్నీళ్లున్న యాభై సెకన్లు కోసి, వెనక వయొలిన్ పెట్టి షార్ట్ వదులుతారు. జనం చూసేది అదే.

విధేయత సంగతి మాత్రం గట్టిగా అడగాలంటాను. ఆంధ్ర కెప్టెన్ హనుమ విహారి 2023లో ఇండోర్‌లో మధ్యప్రదేశ్ మీద రంజీ క్వార్టర్స్‌లో ఎడమ మణికట్టు విరిగితే ఎడమచేతి వాటంగా నిలబడి బ్యాటింగ్ చేశాడు, ఆంధ్ర కోసం. ఏడాది తిరిగేసరికి, అదే మధ్యప్రదేశ్ చేతిలో 4 పరుగులతో ఓడిన రోజున, కెప్టెన్సీ వదిలించిన తీరుకి ఇక ఆంధ్రకి ఆడనని బహిరంగంగా రాశాడు. ఆ తర్వాత మళ్లీ ఆడాడు, చివరికి త్రిపుర వెళ్లాడు. ఒక ఆటగాడు రాష్ట్రం మారాలంటే పాత అసోసియేషన్ ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం, ఇవ్వాలి. అది ఎవరు ఇస్తారు, ఎన్నాళ్లు ఆపుతారు, ఇవి అడగాల్సిన ప్రశ్నలు. వీటిని వదిలేసి నాన్న దగ్గరికే వెళ్లడం సులువు కాబట్టి వెళ్తున్నారు.

పటమట_పేసర్

అన్నా, ఎన్‌ఓసీ గురించి మాట్లాడితే మర్నాడు సెలక్షన్‌లో పేరుండదని కుర్రాళ్ల భయం. నాన్న గురించైతే ఎవరికీ కోపం రాదు. అందుకే వాళ్లూ అటే మొగ్గుతారు. తప్పు యాంకర్‌దే అనకండి.

గవర్నర్‌పేట_ఎడిట్

పేసర్ చెప్పింది నిజం. బోర్డు కాంట్రాక్టు ఉన్నవాళ్లకైతే ఇంటర్వ్యూకే ముందు అనుమతి కావాలి.

డెస్క్ గారి షార్ట్స్ అభ్యంతరానికి: ఒప్పుకోలు ఫోన్‌లోనే మూడు విడి ప్రశ్నలుగా తీసుకోవాలి. పూర్తి వీడియోలో ఉంచొచ్చా? షార్ట్‌గా కోయొచ్చా? థంబ్‌నెయిల్‌లో వాడొచ్చా? చాలామంది మొదటిదానికి సరే అంటారు, మిగతా రెండింటికీ వద్దంటారు. ఒకేసారి "వాడుకోవచ్చా" అని అడిగితే మూడింటికీ సరే అన్నట్టు లెక్క వేసేసుకుంటాం. ఆ జవాబులు వాట్సాప్‌లో రాసి పంపించుకోండి. పద్దెనిమిది నిండనివాళ్లయితే ఇంట్లో పెద్దవాళ్లు గదిలోనే ఉండాలి, ఈ ప్రస్తావన అసలు వద్దు.

కోసిన భాగం ఆటగాడికి పంపి రెండు రోజులు టైమివ్వాలి. ఆ రెండు రోజుల్లో ఇంట్లో అమ్మగారు కూడా ఒకసారి చూడాలి. భర్త గురించి కొడుకు తనతో ఎప్పుడూ అనని మాట ఆవిడ మొదటిసారి పక్కింటివాళ్ల ఫోన్లో వినకూడదు.

బ్రాడీపేట_డెస్క్

ఆ అమ్మగారి మాట నాకు తట్టలేదు. మూడు ప్రశ్నలూ చర్చ మొదట్లో పిన్ చేయమని మోడరేటర్‌ని అడుగుతున్నాను. ఛానళ్లు నడిపేవాళ్లు ఇక్కడే ఉన్నారు, పాటించగలరో లేదో, ఎక్కడ కుదరదో రాయండి.