రక్తం అనాలా, నెత్తురు అనాలా?

ఒక జర్మన్ బొమ్మ మీది రాతని తెలుగు చేస్తూ ఒక్క మాట దగ్గర రెండ్రోజుల్నుంచి ఆగిపోయానండి, కాస్త చూడండి. జాన్ హార్ట్‌ఫీల్డ్ అని బెర్లిన్ ఆర్టిస్టు, ఫోటోలు కత్తిరించి అతికించి బొమ్మలు చేసేవాడు, 1933లో నాజీలు ఇంటిమీదకొస్తే ప్రాగ్ పారిపోయాడు, అక్కడ కూర్చుని అదే నవంబర్‌లో 'తలారి, న్యాయం' అని ఒక బొమ్మ వేశాడు. న్యాయదేవతే, కత్తీ త్రాసూ ఉన్నాయి, కానీ కళ్ళకి గంతలు కాదు, తలంతా కట్టు చుట్టేసి ఉంది, చావుదెబ్బలు తిన్న మనిషికి ఆస్పత్రిలో కడతారే అలా. చూసిన దగ్గర్నుంచి మనసులోంచి పోవట్లేదు.

దాంట్లో నాజీ నాయకుడు గోరింగ్, రైష్‌స్టాగ్ (జర్మన్ పార్లమెంటు భవనం) దహనం కేసులో అన్న మాట వేశాడు, నాకు న్యాయం అంటే 'బ్లూట్‌హాఫ్ట్' అని. బ్లూట్ అంటే రక్తం. "నెత్తుటిది" అని రాసేయనా?

— వద్దక్కా. నెత్తురోడే అనడానికి జర్మన్‌లో మామూలు మాట బ్లూటిగ్ ఉంది, గోరింగ్ అది వాడలేదు. వాళ్ళ లెక్కలో న్యాయం జాతి రక్తంలోంచి పుడుతుంది, ఆ అర్థంలో గొప్పగా అన్నాడు. హార్ట్‌ఫీల్డ్ అక్షరం మార్చకుండా ఆ కట్టు పక్కన పెట్టాడు, అంతే, అర్థం తిరగబడింది. నెత్తురు అంటే జాతి పోతుంది, మనం రక్తసంబంధం అంటాం గానీ నెత్తురు సంబంధం అనం కదా. రక్తపాతం కూడా రక్తమే, కాబట్టి "న్యాయం అంటే నాకు రక్తంతో కూడుకున్నది" అంటే రెండూ నిలుస్తాయి.

— (ఇంకొకరు) ఇది బావుంది. ఇంకోటి, బొమ్మ పేరులో తలారి అన్నారు, మా వైపు తలారి అంటే ఊరి కావలి మనిషి, ఇంటిపేరు కూడా, కొంతమందికి నొప్పి కలగొచ్చు.

— (మళ్ళీ నేనే) నిజమేనండి, దాని గురించీ ఆలోచించా. కానీ అక్కడ నిజంగానే తల తీశారు. రైష్‌స్టాగ్‌కి నిప్పు పెట్టింది 1933 ఫిబ్రవరి 27న, దానికి మరణశిక్ష వేసేలా చట్టం చేసింది మార్చి 29న, వెనక తేదీకి కూడా వర్తించేలా. ఆ కేసులో బల్గేరియా కమ్యూనిస్టు డిమిత్రోవ్‌తో సహా నలుగురు నిర్దోషులని వదిలేశారు గానీ, నిప్పు పెట్టాడన్న డచ్ కుర్రాడు వాన్ డెర్ లుబ్బెని ఆ చట్టంతోనే 1934 జనవరి 10న లైప్‌జిగ్‌లో గిలెటిన్ ఎక్కించారు. ఆ తీర్పు చెల్లదని జర్మనీ 2007లో గానీ తేల్చలేదు. అందుకే తలారి అనే ఉంచుతున్నా, ఊరి తలారి వేరని కింద ఒక ముక్క రాస్తాను.