ఒట్టో వెల్స్ మాటలో ‘ఏరె’: మానమా, గౌరవమా, అభిమానమా?

ప్రశ్న: ఒక వాక్యం కొన్నాళ్లుగా మనసులో మెదులుతోంది. 1933 మార్చి 23న బెర్లిన్‌లో, హిట్లర్ ప్రభుత్వానికి సర్వాధికారాలు కట్టబెట్టే చట్టంపై చర్చలో సోషల్ డెమోక్రాట్ల నాయకుడు ఒట్టో వెల్స్ లేచి అన్నది. ‘మా ప్రాణాలు తీయగలరు, మానం తీయలేరు’ అని తెలుగులో చదివినట్టు లీలగా గుర్తు. జర్మన్‌లో ఆయన వాడిన మాట ‘ఏరె’. అది మానమా, గౌరవమా?

జవాబు: మానమే అయ్యుంటుంది. ‘ప్రాణవిత్తమానభంగమందు’ అన్నాడు పోతన. ప్రాణం పక్కన తెలుగు నోటికి తేలిగ్గా వచ్చేది మానమే. గౌరవం ఎదుటివాళ్లు ఇచ్చేది, వాళ్లే వెనక్కి తీసుకోగలరు.

జవాబు: అన్నా, ఆ పద్యం శుక్రాచార్యుడిది. ఆ మూడూ పోయే పరిస్థితి వస్తే బొంకవచ్చని బలికి చెప్పే సలహా. వెల్స్‌కి సరిపోయేది బలి జవాబు, ‘తిరుగన్ నేరదు నాదు జిహ్వ’. పైగా ఇవాళ మానం అనగానే మానభంగమే తడుతుంది. ‘ఆత్మాభిమానం’ అంటే సరిపోతుంది.

జవాబు: పద్యం ఎవరి నోట పెట్టినా మాట పోతనదే. గణాలు చూడండి: ప్రాణ, విత్త, మాన, భంగ, మందు. అయిదూ హగణాలే, గురువు పక్కన లఘువు. యతి ప్రాణకూ భంగకూ. విత్త, మాన తారుమారు చేసినా ఆటవెలది చెడదు. అయినా మానాన్ని చివర నిలిపాడంటే కావాలనే మెట్లు ఎక్కిస్తున్నాడు. వెల్స్ చేసిందీ అదే.

జవాబు: మాస్టారూ, మెట్ల మాట ఒప్పుకుంటాను. కానీ మొదటి మెట్టే మాయమైంది. జర్మన్ వాక్యం ‘ఫ్రైహైట్ ఉంట్ లేబెన్ కన్ మన్ ఉన్స్ నేమెన్, డీ ఏరె నిష్ట్’. ముందు స్వేచ్ఛ, తర్వాత ప్రాణం. ప్రాణం, మానం బాగా కుదిరాయని స్వేచ్ఛను వదిలేస్తే అన్యాయం. ఫిబ్రవరి 27 రాత్రి జర్మన్ పార్లమెంటు భవనం రైక్‌స్టాగ్ తగలబడింది. మర్నాడే అధ్యక్షుడు హిండెన్‌బర్గ్ సంతకంతో వచ్చిన అత్యవసర ఆజ్ఞ వాక్, పత్రికా, సభా స్వాతంత్ర్యాలను ఎత్తేసింది. ఉత్తరాలు విప్పి చదవొచ్చు, ఇళ్లు సోదా చేయొచ్చు. ఇంత చేసినా మార్చి 5 ఎన్నికల్లో నాజీలకు వచ్చింది 43.9 శాతం. చట్టానికి మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి. అందుకే కమ్యూనిస్టుల 81 సీట్లూ ఖాళీగా ఉంచారు, కాథలిక్కుల సెంటర్ పార్టీని బుజ్జగించి ఒప్పించారు. ఓటింగ్ జరిగిన క్రోల్ ఆపెరా భవనం నిండా నాజీ దళాలైన ఎస్.ఏ., ఎస్.ఎస్. మనుషులు. సోషల్ డెమోక్రాట్లు 120 మంది గెలిస్తే ఓటు వేయగలిగింది 94 మంది, అందరూ వ్యతిరేకంగానే వేశారు. ఓటు వేయలేకపోయిన వాళ్లలో యూలియుస్ లేబర్‌ను ఆ రోజు సభకు వస్తుండగానే అరెస్టు చేశారు. 1945 జనవరిలో ఉరి తీశారు. వెల్స్ చెప్పిన వరసలోనే ఆయనకు రెండూ పోయాయి. ఆ వరస మార్చే హక్కు అనువాదకుడికి లేదు.

జవాబు: అంత వివరంగా రాసి ఒక్క అక్షరం వదిలేశారు! అదే ప్రసంగంలో వెల్స్ ఇంకో మాట ఎత్తుకున్నాడు: ‘వేర్‌లోస్ ఇస్ట్ ఆబర్ నిష్ట్ ఏర్‌లోస్’. వేర్‌లోస్ అంటే కాచుకోవడానికి ఆయుధం లేనివాడు, ఏర్‌లోస్ అంటే ‘ఏరె’ లేనివాడు. తేడా ఒక్క వకారమే. 1919 జూన్ 23న వెర్సాయ్ సంధికి తలవంచక తప్పనప్పుడు జాతీయ సభలో జర్మనీ ప్రధాని గుస్తావ్ బౌవర్ అన్నదది. గెలిచిన దేశాలను ఉద్దేశించి అన్న మాట పద్నాలుగేళ్లకు సొంత ఛాన్సలర్ ఎదుట అనాల్సి వచ్చింది. ‘నిరాయుధులమే, నిరభిమానులం కాము’ అంటే ఆ సొగసు కొంత దక్కుతుంది.

జవాబు: దక్కదండీ. నిరభిమాని అంటే అహంకారం లేనివాడని, మెచ్చుకోలు మాట. అర్థం తలకిందులవుతుంది. ‘ఆయుధం లేదు, అభిమానం ఉంది’ అంటే చాలు. అకారం అకారంతో కలుస్తుంది.

జవాబు: అకారం కలిసింది గానీ ‘లోస్’ రెండోసారి రావడంలోని దెబ్బ పోయింది. ‘ఆయుధహీనులమే, అభిమానహీనులం కాము’ అంటే?

జవాబు: వెల్స్ వాక్యం సరే, దానికి హిట్లర్ ఇచ్చిన జవాబు ఎవరూ ఎత్తలేదేం? మళ్లీ వేదికెక్కి షిల్లర్ నాటకంలోని పంక్తి విసిరాడు: ‘స్పేట్ కొమ్ట్ ఈర్, దోఖ్ ఈర్ కొమ్ట్’. ఆలస్యంగా వచ్చారు, అయినా వచ్చారు. వాలెన్‌స్టయిన్ శిబిరానికి ఆలస్యంగా చేరిన సేనానిని పలకరించే మాట అది. నాటకంలో ‘ఈర్’ ఒక్కరికి మర్యాదగా అన్న మీరు. సభలో అది 94 మందిని కలిపి అన్న మీరు, మర్యాద లేదు. తెలుగులో రెండూ ‘మీరు’ కావడం మన అదృష్టం. అంత పెద్ద కవి మాట అలాంటి పనికి వాడుకోవడం చూస్తే కడుపు మండుతుంది.

జవాబు: మీరు సంగతి సరే. ఆ ‘దోఖ్’కి ‘అయినా’ చాలదు. ‘ఆలస్యమైనా వచ్చారు గదా’లో ఆ ‘గదా’ పడాల్సిందే.