రెండు రాష్ట్రాల రేషన్ తీసుకుంటే ఇద్దరికీ ఒప్పుకున్నట్టేనా?

జివతి_పాఠకుడు:
మా చంద్రపూర్ జిల్లా జివతి తాలూకా సరిహద్దుల 14 ఊళ్ళున్నయి. మహారాష్ట్ర మాదంటది, తెలంగాణ మాదంటది. చానమంది చేతిల రెండు రేషన్ కార్డులు, రెండు ఓటరు కార్డులు. రాజ్యం రోడ్డు మీద నడిచినా మౌనంగ ఒప్పుకున్నట్టేనని తత్వవేత్త జాన్ లాక్ రాసిండు. ఆ లెక్కన ఈ ఊళ్ళోళ్ళు ఇద్దరు ప్రభుత్వాలకూ కట్టుబడాల్నా?

రాజురా_సార్:
అక్కర్లేదు. నిద్రల ఉన్నోణ్ణి ఓడెక్కించి, 'సముద్రంల దూకలేదు గదా, కెప్టెన్ మాట ఒప్పుకున్నట్టే' అంటే ఎట్ల చెల్లుతదని ఇంకో తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ 1748లనే అడిగిండు. వద్దనే వీలుండి, ఎప్పట్లోగ ఎవరికి చెప్పాల్నో తెలిసి, చెప్తే పెద్ద నష్టం లేకుంటేనే మౌనం ఒప్పుదల అయితది. బియ్యం తీసుకునుడుల ఇవేం లేవు. 'మేలు పొందినవు కాబట్టి భారం మొయ్యి' అనేది వేరే వాదం, 1955ల న్యాయతత్వవేత్త హెచ్.ఎల్.ఏ. హార్ట్ చెప్పింది. చానమంది ఈ రెంటినీ కలిపేస్తరు. అడగకుండ ఇచ్చిన మేలుకు బాకీ ఏందని తత్వవేత్త రాబర్ట్ నోజిక్ 1974ల దానికీ అడ్డుపడ్డడు.

రాయగడ_తెలుగు:
సార్ చెప్పిన షరతులన్నీ కుదిరిన సందర్భం మా పక్కనే ఉందండి. ఒడిశాలోని నియమగిరి కొండల్లో బాక్సైట్ తవ్వకంపై 2013లో సుప్రీంకోర్టు ఆదేశంతో, జిల్లా జడ్జి స్థాయి అధికారుల ఎదుట 12 పల్లీసభలు (ఊరివాళ్ళంతా కూర్చునే గ్రామసభలు) జరిగాయి. పన్నెండూ వద్దన్నాయి. అయితే ఆ పన్నెండు ఊళ్ళను ఎంచింది ఒడిశా ప్రభుత్వమే, మిగతా కొండ ఊళ్ళను అడగలేదు. అసలు చిక్కు అక్కడుంది: ఎవరిని అడగాలన్నది ఒప్పుదలతో తేలదు, దానికి ముందే ఎవరో గీత గీసి ఉండాలి. మీ 14 ఊళ్ళలో ఆ గీతే తగాదా.

రాజురా_సార్:
నిజమే. తత్వవేత్త జాన్ సిమన్స్ 1979ల పట్టుకున్నది గూడ ఇదే: న్యాయమైన రాజ్యానికి మద్దతియ్యాలె అంటే సరే, గని ఈ రాజ్యానికే ఎందుకు? మన దగ్గర ఈ ప్రశ్న సగమే తగులుతది, ఎందుకంటే రెండు రాష్ట్రాల మీద ఉన్న రాజ్యాంగం ఒక్కటే. హద్దు మార్చే అధికారం 3వ అధికరణ కింద పార్లమెంటుది. ఊరోళ్ళ ఒప్పుదల తీసుకోవాలని అండ్ల లేదు. నాకైతే అదే పెద్ద లోటు.

జివతి_పాఠకుడు:
మరి రెండు ఓట్ల సంగతి?

రాయగడ_తెలుగు:
అది తత్వం కాదు, చట్టం. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఒక్క నియోజకవర్గం జాబితాలోనే పేరుండాలి. ఒకే లోక్‌సభ ఎన్నికల్లో రెండు చోట్లా ఓటేస్తే 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 62వ సెక్షన్ కింద రెండూ చెల్లవు. ఒకచోట పేరు తీయించడానికి ఫారం 7 ఇవ్వండి.