అప్‌డేట్: బెల్టు కాదు, క్రాంక్ గేరే దొంగ

రెండు వారాల క్రితం అడిగింది నేనే. మా నాన్నగారి 1998 నాటి పెట్రోలు కారుకు టైమింగ్ బెల్టు (ఇంజిన్ వాల్వులు సరైన వేళకు తెరుచుకుని మూసుకునేలా చూసేది) నిరుడే కొత్తది వేయించినా, ఎత్తు ఎక్కలేక మూలుగుతోందని, ఆగి ఉన్నప్పుడు వణుకుతోందని రాశాను. "బెల్టును కాదు, క్రాంక్ గేరును అనుమానించండి" అన్నవారికి ముందుగా ఒక దండం. క్రాంక్ గేరంటే, పిస్టన్లు తిప్పే క్రాంక్ ఇరుసు చివర ఉండి ఆ బెల్టును తిప్పే పళ్ల చక్రం.

విప్పి చూస్తే సరిగ్గా అదే. క్రాంక్ చివరి బోల్టు వదులై, గేరు లోపల కీ (గేరు ఇరుసు మీద జారకుండా పట్టి ఉంచే చిన్న ఇనప ముక్క) కూర్చునే గాడి అరిగి వెడల్పయింది. పట్టుకుని కదిపితే టక్కు టక్కుమని ఆడుతోంది, చుట్టూ తుప్పురంగు పొడి. సందు రెండు మిల్లీమీటర్లు కూడా లేదు. ఆ మాత్రానికే వాల్వుల టైమింగ్ తప్పింది.

అదృష్టం కొద్దీ క్రాంకు మీది గాడి చెడలేదు. చెడి ఉంటే ఇంజిన్ దించాల్సి వచ్చేది. గేరు, కీ, బోల్టు కొత్తవి వేశాం. ఎలాగూ విప్పాం కదా అని ఆయిల్ సీలు, బెల్టును బిగువుగా ఉంచే టెన్షనరు, బెల్టు కూడా. మెకానిక్ బోల్టును చేతి అంచనాతో బిగించబోతే నేను ఒప్పుకోలేదు, పక్క షెడ్డు నుంచి టార్క్ రెంచి (ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానా) తెప్పించాను. ఆయన కాస్త అలిగాడు. ప్లగ్గులు తీసి క్రాంకును చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పితే (వాల్వులను తెరిచే క్యామ్ ఇరుసుకు అది ఒక్క చుట్టే) టైమింగ్ గుర్తులన్నీ కలిశాయి.

నిన్న ఇంద్రకీలాద్రి ఘాట్ రోడ్డు మూలగకుండా ఎక్కింది. ఏసీ వేస్తే మాత్రం ఇంకా కొద్దిగా వణుకుతోంది. దాని గురించి విడిగా అడుగుతాను.